తేదీ చూసి చెప్పిన డేగలు

...ఎందుకంటే మొదట కనపడేది రెక్కా కాదు, తోకా కాదు, ఒక వాటం. వీధి చివర మనిషి ముఖం తెలియక ముందే నడక తెలిసిపోతుంది కదా, అలాంటిది. రెక్క, తోక, మెడ కింది మచ్చ ఇవన్నీ తర్వాత వస్తాయి. అప్పటికే మనసు ఒక పేరు అనేసి ఉంటుంది, కళ్లు వెనకాలే వచ్చి అవునంటాయి. కళ్లు కాదన్న రోజు ఎప్పుడైనా ఉందా? ఉండే ఉండాలి. కానీ ఒబ్దూలియాకి ఒక్కటీ గుర్తు రావడం లేదు, అది కూడా ఆలోచించాల్సిన విషయమే, ఇవాళ కాకపోతే రేపు...

"అమ్మాయ్! కాఫీ చల్లారిపోతోంది. ఆకాశం ఎక్కడికీ పారిపోదు, ముందు తాగు."

సెల్సో బాబాయి గ్లాసు ఆమె చేతిలో పెట్టి, మళ్లీ తన స్టూలు మీద కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. నలభై ఏళ్లు చెరకు నరికిన చేతులు ఇప్పుడు పెన్సిలు పట్టుకుంటున్నాయి. వలస పోయే డేగల్ని ఒబ్దూలియా చూసి లెక్క చెబుతుంది, ఆయన పుస్తకంలో రాస్తాడు. పాసో లిమోన్‌లో ఫుట్‌బాల్ మైదానం పక్కన, మామిడితోట చివర, నాలుగంతస్తుల ఇనుప మంచె మీద ఈ ఇద్దరికీ ఇది పన్నెండో శరదృతువు.

మూడు రోజులుగా ఉత్తరగాలి, వాన. మూడు రోజులుగా పుస్తకంలో సున్నాలు. వానలో ఏ డేగా ఎగరదు. ఎగరనివి ఎక్కడికి పోతాయి? ఉత్తరాన కొండల అడవుల్లో కొమ్మ కొమ్మకీ కూర్చుని, తడిసి ముద్దయి, ఆకలితో, దక్షిణం వైపు మొహం పెట్టుకుని ఎదురుచూస్తుంటాయి. మూడు రోజుల పక్షులు ఒకే చోట పోగుపడ్డాయి. తెల్లవారేసరికి వాన వెలిసింది. కడిగిన పళ్లెంలా ఉంది ఆకాశం. ఎండ నేలని కాస్త వేడి చేస్తే చాలు.

ఒబ్దూలియాకి రాత్రంతా నిద్ర పట్టలేదు.  నలభై నాలుగేళ్ల ఆడది, ఒంటరిగా బతికే మనిషి, ఎవరి పెళ్లికీ ఇంత ఆత్రంగా తయారై ఎరగదు.

వాకీటాకీ గరగరమంది.

"పాసో లిమోన్, పాసో లిమోన్! వదినా, లేచావా? ఇక్కడ సముద్రం మీద కొంగలు తప్ప దిక్కులేదు. గాలి మొత్తం నీ వైపే తోస్తోంది. నా కడుపు మండిపోతోంది."

"సముద్రం పక్కనే ఉన్నావుగా, రెండు చెంబులు పోసుకో," అంది ఒబ్దూలియా.

సెల్సో బాబాయి భుజాలు ఊగేలా నవ్వాడు.

అవతల మాట్లాడింది క్రిస్పిన్, చుట్టరికం లేకపోయినా సరదాకి వదినా అంటాడు. ఆరు మైళ్ల దూరంలో తూర్పున, తీరం దగ్గర లా బార్రాలో ఉన్న రెండో మంచె అతనిది. రెండు మంచెలకీ మధ్య చక్కెర మిల్లు పొగగొట్టమే సరిహద్దు. దానికి పడమట దాటిన పక్షి ఒబ్దూలియాది, తూర్పున దాటినది క్రిస్పిన్‌ది. లేకపోతే ఒకే పక్షిని ఇద్దరూ లెక్కేస్తారు. సీజనులో రోజుకి ఇరవైసార్లు మాట్లాడుకుంటారు, ఎదురుపడేది మాత్రం సీజను ముగిశాక లా బార్రాలో జరిగే డిసెంబరు విందులో ఒక్కసారే. ఎదురుపడితే ఇద్దరికీ మాటలు రావు.

పదకొండేళ్ల కిందట, మొదటి సీజనులో, ఒక్క రోజులో రెండు లక్షల పదకొండు వేల వెడల్పు రెక్కల డేగల్ని లెక్కపెట్టాడు క్రిస్పిన్. ఆ అంకె లా బార్రా మంచె కింద గోడ మీద ఎర్ర రంగుతో, మనిషి ఎత్తున రాసి ఉంది. ఆ గోడని ఒబ్దూలియా పదకొండు డిసెంబర్లు చూసింది. పక్క నుంచి వెళ్తూ చూడనట్టు వెళ్లేది. ఇవాళ దాన్ని కొట్టెయ్యాలి. ఇవాళ కాకపోతే ఇక ఎప్పటికీ కాదు. అలాంటి గాలి, అలాంటి వాన, అలాంటి తేదీ మళ్లీ ఒకే చోట కలవవు.

తేదీ సెప్టెంబరు ఇరవైనాలుగు. ఈ ఊళ్లో పక్షులకి వరస ఉంది. ఆగస్టు చివర బూడిదరంగు గద్దలు పోతాయి. సెప్టెంబరు రెండో సగం వెడల్పు రెక్కల డేగలది, సాన్ మిగెల్ పండుగకి అటూ ఇటూ. అక్టోబరు మొదటి వారం దాటాక పొడుగు రెక్కలు దిగుతాయి. వాటి వెనకాల రాబందులు. ఈ వరస ఒబ్దూలియా ఒంట్లోనే ఉంది. కళ్లు మూసుకుని గాలి వాసన చూసినా ఏ పక్షి రోజో చెప్పగలదు. ఊరంతా అలాగే అంటారు, ఆమె కాదనదు.

తొమ్మిదీ ఇరవైకి మొదలైంది.

ముందు కొండ భుజం మీద నలకలు. కంటి జబ్బేమోనన్నట్టు సన్నగా. బైనాక్యులర్‌లో ఆ నలకలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వేడిగాలి మీద సుడి కట్టి, రెక్క ఆడించకుండా పైకి, పైకి, ఇక గాలి ఎత్తలేనంత పైకి పోయి, అక్కడ సుడి విప్పుకుని వరసగా దక్షిణానికి జారాయి. జారేటప్పుడే లెక్క. సుడిలో ఉండగా లెక్కపెట్టేవాడు పిచ్చివాడు.

పది, పది, పది. నొక్కితే అంకె తిరిగే క్లిక్కర్ మీద బొటనవేలు. పొట్టి దేహం, వెడల్పు రెక్క, రెక్క అంచున నల్లగీత, బల్లపరుపుగా పరిచిన వాటం.

"వెడల్పు రెక్కలు. మూడు వందలు."

"రాశా."

"పన్నెండు వందలు. బాబాయ్, వెనకాల ఇంకో సుడి. దాని వెనక ఇంకోటి. ఓరి దేవుడా, బాబాయ్!"

"దేవుణ్ణి ఏ గడిలో రాయను?"

పదికల్లా పదులు చాలలేదు. వంద పక్షుల ముక్క ఎంత పొడుగుందో కంటితో కొలుచుకుని, ఆ ముక్కని వరస మీద పరుచుకుంటూ పోయింది. క్లిక్కు, వంద. క్లిక్కు, వంద. ఆకాశానికి ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీసినట్టు పారుతోంది నది. చప్పుడు లేని నది. చెయ్యెత్తి ఆపాలనిపించేంత ధార.    క్లిక్కర్ చప్పుడేదో, గుండె చప్పుడేదో ఒబ్దూలియాకి తెలియడం లేదు.

పదకొండింటికి డెబ్బై వేలు.

కింద మైదానంలో జనం చేరారు. మొక్కజొన్న పిండి తమాలెలు అమ్మే తొమాసా అత్త బుట్ట నెత్తిన పెట్టుకుని మూడంతస్తులెక్కి, అరటాకు పొట్లాలు రెండు పైకి అందించింది.

"అరిచి అరిచి చచ్చేట్టున్నారు, తినండి. మెడలు పట్టెయ్యవుటే నీకు?"

"రేపు పడతాయి అత్తా, ఇవాళ తీరిక లేదు."

"నేనూ చూశాలే. నెత్తి మీద అన్నీ చీమలే. నువ్వు వాటికి పేర్లెలా పెడతావో!"

ఆమె దిగుతుండగానే పై వరస మొదలైంది. మొదటి నదికి బాగా పైన, ఇంకో నది. నల్లపూసలంత సన్నం. ఉత్తరాన దుమ్ములా పుట్టి, నడినెత్తిన దుమ్ములా దాటి, దక్షిణాన దుమ్ములా కలిసిపోతోంది. ఒబ్దూలియా రెండో క్లిక్కర్ కూడా తీసింది. కుడిచేత్తో కింది వరస, ఎడమచేత్తో పై వరస. ఇంత మంద ఆమె ఎన్నడూ చూడలేదు.

వాకీటాకీ గరగరమంది.

"వదినా, నీ పై వరసలో వాళ్ల చేతులు కాస్త పొడుగ్గా లేవూ? ఇక్కణ్ణించి టెలిస్కోపులో పక్కవాటంగా కనబడుతున్నాయి. రెక్కలు పైకెత్తినట్టు..."

"నీ నాలుక పొడుగు. కొంగల్ని లెక్కపెట్టుకో."

"సరే సరే, కొట్టకు."

సెల్సో బాబాయి మళ్లీ నవ్వాడు. ఒబ్దూలియా నవ్వలేదు. ఎడమ బొటనవేలు ఒక్క క్షణం ఆగి, మళ్లీ నొక్కింది.

తర్వాతి రెండు గంటలూ ఆమెకి విడివిడిగా గుర్తుండవు. లక్ష దాటినప్పుడు బాబాయి లేచి నిలబడ్డాడు. లక్షన్నరకి టోపీ తీసేశాడు. పక్షులు ఎంత ఎత్తున పోతున్నా కింద చెరకు మీద నీడ పారుతున్నట్టు అనిపించింది ఆమెకి, అలా జరగదని తెలిసినా. ఒకటికి పది నిమిషాల ముందు బాబాయి పెన్సిలు ఆగిపోయింది.

"అమ్మాయ్."

"చెప్పకు. లెక్క తప్పుతాను."

"రెండు లక్షల పన్నెండు వేలు."

కింద ఎవరో విన్నారు. కేక పుట్టింది. కేక వెనక కేక. తొమాసా అత్త ఖాళీ బుట్ట గాల్లోకి విసిరింది. బూరలవాళ్లని పిలుచుకు రమ్మని ఎవరో సైకిలు మీద బయల్దేరారు. సెల్సో బాబాయి ఆమె నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు. పెన్సిలు ముక్క ఆమె జుట్టులో ఇరుక్కుపోయింది.

వాకీటాకీలో, గోల కాస్త తగ్గిన తర్వాత:

"సరే వదినా. ఇక్కడికి వినబడింది మీ గోల. ఒప్పుకున్నాను. రేపు నేనే బకెట్టు, బ్రష్షూ తెచ్చి మా గోడ గీకేస్తా. కొత్త అంకె నువ్వే చెబుదువుగాని, నేనే రాస్తా. ఎర్రరంగే, మనిషంత ఎత్తున. నువ్వు... బాగా చూశావు ఇవాళ. నిజంగా."

అతను ఎప్పుడూ అలా మాట్లాడడు. ఒబ్దూలియా వాకీటాకీని కమ్మీ పక్కన పెట్టి మళ్లీ పైకి చూసింది. 

అప్పుడే మామిడితోట మీద వేడిగాలి చల్లబడింది కాబోలు, పై వరసలోంచి ఒక సుడి కిందికి దిగింది. దిగడమంటే పక్షులకి అలుపు. మళ్లీ గాలి వెతుక్కుంటూ మంచె చుట్టూ తిరగసాగాయి. అందులోంచి ఒకటి పక్కకి జారి, ఆమె కళ్ల ఎత్తున, ఎదురుగా వచ్చింది.

రెక్కలు పొడుగ్గా, కొసలు సన్నగా ఉన్నాయి. పరిచినట్టు లేవు, లోతులేని గిన్నెలా రెండువైపులా పైకెత్తి ఉన్నాయి. గొంతు కింద గోధుమరంగు గుడ్డ కట్టినట్టు పట్టీ. రెక్క ముందు సగం తెలుపు, వెనక సగం నలుపు.

పొడుగు రెక్కల డేగ.

ఒబ్దూలియా మనసు "కాదు" అంది. అంత స్పష్టంగా, గదిలో ఎవరో అన్నట్టు అంది. ఇవాళ ఇరవైనాలుగు. అక్టోబరు రావాలి. కళ్లు మాత్రం ఈసారి అవుననలేదు. ఇంకొకటి జారింది. అదీ అంతే. ఇంకా నాలుగు. సుడి మొత్తం. సుడి పైన వరస మొత్తం.

ఆరేళ్ల కిందటి ఉదయం ఒకటి గుర్తొచ్చింది. పాలవాడు తెల్ల కంచరగాడిద మీద ఆరింటికి వచ్చేవాడు. వాడు దాన్ని అమ్మేసి మోటారుసైకిలు కొన్న వారానికి, పొగమంచులో మలుపు దగ్గర తెల్ల కంచరగాడిద కనపడింది ఆమెకి. చెవులతో సహా. గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. దగ్గరికి వస్తే తోపుడుబండి మీద ఎవరిదో పాత ఫ్రిజ్. నవ్వుకుని లోపలికొచ్చింది, ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. నవ్వుకోవలసిన సంగతే. కానీ చెవులు ఎక్కణ్ణించి వచ్చాయి? ఫ్రిజ్‌కి చెవులుండవు. ఆరింటికి ఆ మలుపులో రావలసిన చెవుల్ని ఆమే తీసుకెళ్లి పెట్టింది.

ఆ దూరంలో నలక నలకే. దానికి రెక్క వెడల్పు ఇచ్చింది ఎవరు? గోడమీది క్యాలెండరు. ఆ ఎత్తున తేదీయే పక్షి.

ఎప్పటినుంచి?

ఆ ప్రశ్న వెనక ఇంకొకటి ఉంది. దాన్ని ఆమె చూడకుండా ఉండాలనుకుంది, చూసింది. పదకొండింటికి బొటనవేలు ఎందుకు ఆగింది? ఒక్క క్షణమే, కానీ ఆగింది. క్రిస్పిన్ మాట వేళాకోళమైతే ఆగేది కాదు. వేలికి తెలుసు. వేలికి తెలిసింది తలకి ఎక్కకుండా ఆపిందెవరు? ఎర్ర రంగు గోడ. లేక మొదటి సీజనులో, పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషిని "అదేం పక్షండీ?" అని అడిగితే, "నీకెందుకమ్మా, పోయి రొట్టెలు చేసుకో" అని నవ్విన నవ్వు. ఆ రోజు నుంచి ఒక్క పక్షి పేరూ ఎవర్నీ అడగలేదామె. పుస్తకాల్లో వెతికింది, చెట్ల కింద గంటలు గంటలు కూర్చుంది, కళ్లు వాచేట్టు చూసింది, అడగలేదు.

"బొటనవేలు ఆగిందేం తల్లీ?" అన్నాడు సెల్సో బాబాయి. "గెలిచాక ఇక పని లేదా?"

"బాబాయ్, పై వరస వెడల్పు రెక్కలు కాదు."

"మరి?"

"పొడుగు రెక్కలు."

బాబాయి పుస్తకం పైనున్న తేదీ చూశాడు. ఆమె చూసింది, ఆయన కూడా ముందు తేదీనే చూశాడు.

"సెప్టెంబరులోనా? ఇన్ని వేలా? ఎప్పుడూ రాలేదే."

"రాలేదు. అదే!" ఆమె ఆయన మోచేయి పట్టుకుని ఊపేసింది. భయమో సంబరమో ఆమెకే తెలియలేదు, రెండూ ఒకే చోట పుట్టి ఒకే దారిన పారుతున్నాయి. "రెండు వారాల ముందు వచ్చేశాయి బాబాయ్, వాటితో కలిసి, ఒకదాని పైన ఒకటి! ఉత్తరాన ఏం జరిగిందో, ఏ చలి తరిమిందో! రెండు నదులు! ఎవరూ చూడలేదు ఇది. నేనూ చూడలేదు, నెత్తి మీద పెట్టుకుని కూడా!"

"ఎప్పటినుంచి?"

"తెలీదు."

సెల్సో బాబాయి పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. "ఆ మాట నీ నోట వినడం ఇదే మొదలు."

కింద బూరలవాళ్లు వచ్చారు. ఒకడు బూర ఊది శ్రుతి చూసుకుంటున్నాడు. తొమాసా అత్త పైకి చెయ్యూపుతోంది, దిగి రా, దిగి రా అని.

"ఆలోచించుకో," అన్నాడు బాబాయి మెల్లగా. "పై వరస లక్షా పదిహేను వేలు ఉంది. అది తీసేస్తే నీ వెడల్పు రెక్కలు లక్ష కూడా మిగలవు. తీసెయ్యకపోతే అడిగేవాడు లేడు. అవతలివాడు ఒప్పుకునేశాడు కూడా. నేను రాసేవాణ్ణి, నువ్వు చెప్పిందే రాస్తా."

"నువ్వైతే ఏం చేస్తావు?"

"నేను చెరకు నరికినవాణ్ణి తల్లీ. చెరకు నిలబడే ఉంటుంది, ఎగిరిపోదు. నన్నడక్కు."

సగం సగం రాయవచ్చు. పదకొండున్నర నుంచి అనవచ్చు. నోటికొచ్చిన అంకె చెబితే అది మళ్లీ అంకెలాగే కనపడుతుంది, పుస్తకంలో దాని చెవులు ఎవరికీ తెలియవు. కానీ ఇప్పుడు, ఈ నిమిషంలో, ఆమెకి అంకె అక్కర్లేదు. ఆమెకి నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఆకలేసినట్టు ఉంది. ఆ నది ఎక్కడ మొదలైంది, మొదటి పొడుగు రెక్క ఎప్పుడు దాటింది, రెండూ కలిసే వచ్చాయా, ఒకదాన్ని చూసి ఒకటి వచ్చాయా? ఇక్కడి నుంచి కనపడింది కడుపులే. పక్కవాటం కనపడేది తూర్పు నుంచే. పదకొండింటికి టెలిస్కోపులో రెక్కలు పైకెత్తి ఉండటం చూసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అతన్ని ఆమె కొంగల్ని లెక్కపెట్టుకోమంది.

నెత్తి మీద సుడి మళ్లీ గాలి దొరకబుచ్చుకుంది. పక్షులు ఒకదాని మీద ఒకటి మెట్లెక్కుతున్నట్టు లేస్తున్నాయి, కొసలు ఎండలో మెరుస్తున్నాయి. ఇంకో నాలుగు నిమిషాల్లో వరస కట్టి జారిపోతాయి. ఉత్తరాన కొండ భుజం మీద మళ్లీ దుమ్ము లేచింది. ఈసారి ఆ దుమ్ముకి ఆమె పేరు పెట్టలేదు. పెట్టకుండా చూడటం ఎంత కష్టమో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బూరలు ఊదొద్దని చెప్పు బాబాయ్," అంది. "కాసేపు."

"చెబితే ఊరుకుంటారా? సరే, అరుస్తా."

ఆయన కమ్మీ మీంచి వంగి కిందికి అరుస్తుండగా, ఒబ్దూలియా వాకీటాకీ నోటి దగ్గరికి తెచ్చుకుని, రెండుసార్లు దించి, మూడోసారి బటన్ నొక్కింది.

"క్రిస్పిన్, ఆ పై వరస... అవేం పక్షులు?"